పదకం వెనుకవైపు

కొలిమిలోన వెలుగు గుణనిధీ కాళికా
పసిడి వెండి మలచు పనుల తల్లి
పేరు లేని చేతి పెనువెత వినవమ్మ
కరుణ తోడ నిలిచి కావుమమ్మ

అమ్మా కాళికాంబా! ఇనుమును, కొయ్యను, కంచును, రాతిని, బంగారాన్ని మలిచే చేతులన్నీ నీ చేతులేనని మా పెద్దలు చెప్పారు. వాటిలో గాజులు తొడిగిన చేతులను వారు లెక్కించారో లేదో నాకు తెలియదు. నీకు తెలుసు. అందుకే ముందుగా నీకు మొక్కి, హిందూపురంలో కంసాలివారి ఇంట జరిగిన సంగతి మొదలుపెడుతున్నాను. చెప్పే నోటికి అతిశయోక్తి అంటనీయకు. వినే మనసుకు తొందర కలగనీయకు.

పెరటి కొళాయి కింద రెండు తొట్లు. ఎడమచేతి తొట్టిలో పొద్దుటి పప్పుగిన్నె, అన్నం తపేలా, అడుగంటిన ఉప్మా మూకుడు. కుడిచేతి తొట్టిలో కుంకుడుకాయ నురుగు కింద నాలుగు వెండి పదకాలు. ఒక్కొక్క పదకం మీద ఒక్కొక్క గండభేరుండం. దేహం ఒకటే, తలలు రెండు. రెండు ముక్కులా రెండు ఏనుగులు. పూర్వం విజయనగర ప్రభువులు నాణేల మీద వేయించుకున్న పక్షి అది. ఆ ఇంటి కోడలు వామాక్షి చెయ్యి తనకు తెలియకుండానే కుడివైపుకు పోయింది.

"అమ్మీ, ముందు గిన్నెలు తోము. ఆ పక్షులు యాడికీ ఎగిరిపోవులే," అన్నది వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త అంజినమ్మ.

వామాక్షి చెయ్యి వెనక్కి తీసుకుని మూకుడు అందుకుంది. అత్త మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఎదురు చెప్పవచ్చు. పొద్దున సూర్యుడు వస్తాడన్నంత మామూలుగా అన్న మాటకు ఎదురు ఏం చెబుతారు? ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో గిన్నెలు పని, పక్షులు తీరిక. ఆ తీరికలో పుట్టిన పక్షులే ఆ ఇంటి కప్పు మీదికి రేకులు తెచ్చాయి, అత్త కంటికి ఆపరేషన్ చేయించాయి, ముందుగదికి అద్దాల బీరువా అమర్చాయి. అయినా ఎవరైనా వచ్చి "మీ కోడలు ఏం చేస్తుందమ్మా?" అని అడిగితే అంజినమ్మ జవాబు మారదు. "ఇంట్లోనే ఉంటాదమ్మా, ఏం జేస్తాది!"

వామాక్షి తండ్రి ఎల్లప్పాచారిది పెనుకొండ. మగపిల్లలు కలగలేదు. కొలిమి పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న ఒక్క ఆడపిల్లకే పని నేర్పాడు. ఇటుకపొడి కలిపిన లక్కను కుంపటి మీద మెత్తబరచి, దాని మీద వెండి రేకును అతికించి, వెనుకనుంచి చిన్న చిన్న ఉలులతో నొక్కుతూ పోతే ముందువైపు రూపం ఉబ్బుకుని వస్తుంది. తర్వాత తిప్పి పెట్టి ఈకలు, కళ్లు, గోళ్లు తీర్చాలి. లక్క చల్లారితే రేకు చిట్లుతుంది, మరీ వేడెక్కితే ఉలి జారుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి సమయాన్ని చేతి చర్మంతో కనిపెట్టాలి. పుస్తకంలో దొరికే విద్య కాదు అది. తొమ్మిదో ఏట తండ్రి ఆమెను కోట దారిన తీసుకుపోయి ఒక రాతి మీది చిహ్నం చూపించాడు. వరాహం, ఎదురుగా నిలువుకత్తి, పైన సూర్యచంద్రులు.

"నాయనా, ఈ రాయి ఎవురు చెక్కినారు?"

"ఎవురో మనోళ్లే."

"పేరేంది?"

"పేరు రాజుది తల్లీ," అన్నాడు ఎల్లప్పాచారి. కూతురి వేళ్లను తన అరచేతిలో పెట్టుకుని చూసి, "నీది మంచి చెయ్యి. దీనికి తగిన ఇల్లు యాడ దొరుకుతాదో," అన్నాడు.

పురాణంలో వరాహస్వామి భూదేవిని కోరమీద ఎత్తాడు, ఒక్కసారి. ఆ భూదేవి మనందరినీ ఎల్లవేళలా మోస్తూనే ఉంది. ఎత్తినవాడు రాజుల జెండా ఎక్కాడు. మోస్తున్న తల్లి కాళ్లకిందే ఉండిపోయింది. ఈ మాట ఆ పసిపిల్లకు ఆనాడు తోచలేదు. తన వయసు నలభై దాటాక, మూకుడు తోముతుండగా తోచింది.

దొరికిన ఇల్లు హిందూపురంలోని గంగాధరాచారిది. అతను చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు, ఊరంతా మంచివాడంటుంది. గొలుసులు, మెట్టెలు, అతుకుపని బాగానే చేస్తాడు. రూపం తీయడం మాత్రం చేతకాదు. పెళ్లయిన ఐదో ఏట లేపాక్షికి వచ్చిన యాత్రికుడొకడు గండభేరుండం పదకం కావాలని అడిగితే, "చూద్దాంలే సార్" అని ఒప్పుకుని, రెండు రేకులు చించి, తల పట్టుకుని కూర్చున్నాడు. అతను భోజనం చేసి కునుకు తీస్తున్న మధ్యాహ్నం వామాక్షి తన పుట్టింటి ఉలుల మూట విప్పింది. ఒడిబియ్యం సంచి అడుగున దాచి తెచ్చుకున్న మూట అది. పనిముట్లు ఆడపిల్ల వెంట గడప దాటరాదని వారి కట్టడి. గంగాధర లేచేసరికి రేకు మీద పక్షి రూపు తేలి ఉంది.

"ఇది నువ్వు జేసినావా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆ కళ్లలో నిజమైన ఆశ్చర్యం ఉంది. ఆ ఒక్క చూపు కోసం ఆమె మరో పదేళ్లు చెక్కింది. మరుసటి ఏడు అతను "మనం జేసినాం" అన్నాడు. ఆ పై ఏడు "నేను జేసినా" అన్నాడు. ఎక్కడ మారిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. వీధి తలుపు చప్పుడైతే చాలు, "ఎవురో వచ్చినారు, లోపలికి పో" అనేవాడు. ఆమె లేచేది. ఆమె కూర్చున్న పీట వేడి ఆరకముందే అతను దాని మీద కూర్చునేవాడు. ఆమె చేతి వేడి ఉన్న ఉలినే పట్టుకుని, "రండప్పా, కూచోండి," అని నవ్వేవాడు. వంటింటి గుమ్మం వెనుకనుంచి ఆమె వినేది. "ఏం చెయ్యప్పా నీది ఆచారీ!" "ఏదో, పెద్దోళ్ల పుణ్యం సార్." ఆ పెద్దవాళ్లలో ఎల్లప్పాచారి లేడు.

ఆ ఇంటికి ఒక ముద్ర ఉంది. ఆవగింజంత త్రిశూలం. గంగాధర తాత చేయించిన ఉక్కు ముద్ర అది. తయారైన ప్రతి నగ వెనుకా దాన్ని కొడతారు. ముద్ర పడితేనే నగ పుట్టినట్టు. గంగాధర దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. స్నానానికి పోయినా విప్పడు. ఆడవాళ్లు దాన్ని ముట్టరాదు. కొన్ని వందల పక్షుల వీపున ఆ త్రిశూలం దిగడం వామాక్షి చూసింది.

రాజులందరికీ చిహ్నాలు చెక్కిపెట్టే తనకు ఒక చిహ్నం ఎందుకు ఉండకూడదన్న ఆలోచన ఆమెకు ఏ రోజున వచ్చిందో చెప్పలేను. వచ్చాక మాత్రం పోలేదు. పప్పు ఎసరులో పడేస్తున్నప్పుడు, అత్త తలకు నూనె రాస్తున్నప్పుడు, బట్టలు పిండుతున్నప్పుడు అదే ఆలోచన. రాజులు ఏనుగును పెట్టుకున్నారు, సింహాన్ని పెట్టుకున్నారు, ఏనుగును ముక్కున కరుచుకునే పక్షిని పెట్టుకున్నారు. నేనేం పెట్టుకోవాలి? రోలు అనుకుంది, నవ్వుకుంది. గరిటె అనుకుంది, సిగ్గుపడింది. ఒకరోజు బెల్లం డబ్బా మూత తీసి చూస్తే చీమలబారు. తన బరువుకు మించిన పలుకును ఈడ్చుకుపోతున్న ఒక చీమ బారు తప్పి, ఆగి, మళ్లీ కలిసింది. మూడు చుక్కలు, ఆరు గీతలు. అంతే కదా చీమంటే! వెండి మీద ఎంత తేలిక!

ఒకనాడు భర్త అన్నం తిని చెయ్యి కడుక్కుని, తమలపాకు నములుతూ ప్రసన్నంగా ఉన్నప్పుడు అడిగింది.

"ఏమండీ, మీ ముద్ర పక్కన ఒగ మూల నా గుర్తొగటి పెట్టుకుందునా? వెనకాలే గదా, ఎవురు చూస్తారు?"

గంగాధర నవ్వాడు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు. "ముద్రంటే ఏమనుకున్నావే? వంశం. నీ వంశం మీ నాయనతోనే పాయె. ఇప్పుడు నీది మా వంశమే గదా. త్రిశూలం పడితే నీది పడినట్టే." తర్వాత ఆమె ముఖం చూసి జాలిపడి, "ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాడు.

ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమె బాధ అని అతనికి చెప్పే మాటలు ఆమె దగ్గర లేవు.

ఆ ఏడు ఆమె ఒక కొత్త రూపం తీసింది. పాత గండభేరుండానికి ముక్కుల్లోనే ఏనుగులు. కొత్తదానికి రెండు కాళ్ల గోళ్లలో కూడా రెండు ఏనుగులు, నడుమ నిలువుకత్తి, పైన సూర్యచంద్రులు. కోట రాతి మీది చిహ్నాన్ని, పక్షిని ఒక్క పదకంలో కలిపింది. ఒక్కొక్క ఈకకు ఏడు గీతలు. మూడు నెలలు పట్టింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం కొత్త రూపంలో మొట్టమొదటి నగ అమ్మవారిది. దాన్ని అమ్మరు. దేవుని గదిలో కాళికాంబ పాదాల దగ్గర ఏడాదిపాటు ఉంచి, మహర్నవమినాడు కరిగించి అమ్మవారి కవచంలో కలుపుతారు. అమ్మవారి సొమ్ము మీద మనిషి ముద్ర పడరాదు కనుక దాని వెనుక త్రిశూలం కొట్టరు.

వెనుక రేకు ఖాళీగా, పాలమీగడలా మెరుస్తూ ఉంది. వామాక్షి ఉలి తీసుకుంది. మూడు చుక్కలు, ఆరు గీతలు. ఏడాది తర్వాత కరిగిపోయేదే కదా. కరిగి అమ్మవారి ఒంటిమీదికి చేరుతుంది. లోకానికి తెలియనక్కరలేదు. చేసింది ఎవరో తల్లికి ఒక్కతెకు తెలిస్తే చాలు. ఆమె కోరినదంతా అంతే. రోజూ దీపం పెట్టేటప్పుడు పదకం వైపు చూసేది. పక్షి ముఖం లోకానికి, చీమ ముఖం అమ్మవారి పాదానికి. అలా గడిచిన నాలుగు నెలలూ ఆమె ఎంత మెత్తగా ఉన్నదంటే, అత్త కూడా "ఏమమ్మీ, ఒళ్లు బాగుండాదా?" అని అడిగింది.

ధర్మవరం నుంచి వేణుగోపాల్ వచ్చినది అప్పుడే. పట్టుచీరల వ్యాపారి. చీరల అంచుల్లో గండభేరుండం నేయిస్తాడు. ఆ చీరలకు జతగా పాత రాజచిహ్నాల వెండి నగలు పెట్టి అంగట్లో కొత్త విభాగం తెరవాలని అతని సంకల్పం. బీరువాలోని పదకాలు చూశాడు, బాగున్నాయన్నాడు. కాఫీ తాగుతూ తల తిప్పినప్పుడు, తెరిచి ఉన్న దేవుని గది తలుపులోంచి అమ్మవారి పాదాల దగ్గర మెరుపు కనబడింది.

"ఏమప్పా ఆచారీ, అసలుది లోపల పెట్టి నాకు ఇవి చూపిస్తాండావే!"

"అది అమ్మోరిది సార్. ఇచ్చేది గాదు."

"నాకు కావాల్సింది అదే. అట్లాంటివే నలభై కావల్ల. ఇది ముందర పెడితేనే జనం నిలబడి చూస్తారు. ప్రారంభం రోజు నువ్వు కూడా ఆడ కూచుని అందరి ముందర పని జేసి చూపించల్ల."

గంగాధర తల్లి వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆచారానికి కాపలా అంజినమ్మ. కోడలు మైలనాడు దేవుని గది గోడను ఆనుకున్నందుకు గోడ మొత్తం కడిగించిన మనిషి. వామాక్షి కూడా అత్త వైపే చూసింది, కాపురానికి వచ్చాక మొదటిసారి ఆశగా. అంజినమ్మ చిక్కుడు గింజలు చేటలోకి జారవిడిచి, "అమ్మోరికి ఓపిక ఉండాదప్పా, బేరానికి ఉండదు. ఇంకోటి జేసి పెడదాంలే," అన్నది.

"అత్తా, అది..." అన్నది వామాక్షి.

"నీకేంది అమ్మీ మధ్యలో? అంతా శివునాజ్ఞ. ఆయన జెప్పందే చీమైనా కుట్టదు."

చీమ మాటకు వామాక్షి చటుక్కున దేవుని గది వైపు చూసింది. పదకం వెనుక ఉన్నది అత్త చూసిందేమోనని భయపడింది. అంజినమ్మ చూడలేదు. ఉన్న సామెత చెప్పింది, అంతే. గంగాధర చెంపలు వేసుకుని, అమ్మవారి పాదాల దగ్గరనుంచి పదకం తీసి ఎర్రగుడ్డలో చుట్టాడు. త్రిశూలం కొట్టడానికి అతనికి కూడా కొంచెం జంకు కలిగింది. "తర్వాత చూద్దాం" అని వెనక్కి తిప్పకుండానే సంచిలో పెట్టాడు.

ధర్మవరంలో అంగడి ప్రారంభానికి వామాక్షి కూడా పోయింది. పోకతప్పదు. అందరి ముందు పని చేసి చూపించవలసింది గంగాధర అయితే, చేయవలసిన చేతులు ఆమెవి. ఏర్పాటు అతనే ఆలోచించాడు. ముందు పీట మీద అతను, ఎదురుగా లక్కపళ్లెం. వెనుక నిలువునా వేలాడదీసిన పట్టుచీర. ఆ చీర వెనుక కుంపటి పెట్టుకుని ఆమె. అతను సుత్తితో నాలుగు దెబ్బలు తేలికగా వేసి, "ఇప్పుడు వేడి జెయ్యల్ల సార్, మా ఇంటామె జేస్తాది," అని పళ్లేన్ని చీర కిందుగా వెనక్కి తోస్తాడు. ఆమె ఒక ఈక తీర్చి, ఒక కన్ను తీర్చి, మళ్లీ ముందుకు తోస్తుంది. అతను గుడ్డతో తుడుస్తాడు. జనం ఫోన్లు పట్టుకుని అతని చేతులను ఫోటోలు తీస్తారు. పట్టు దారాల సందులోంచి వాళ్ల నీడలు కదలడం ఆమె చూసింది. "ఆ చేతులు చూడు, ఎంత నిదానమో!" అన్నది ఎవరో ఆడమనిషి. కుంపటి సెగకు వామాక్షి కళ్లు నీళ్లు కారాయి. సెగకే అని తనకు తాను చెప్పుకుంది.

అదే అంగట్లో ఒక మూల మగ్గం పెట్టారు. మగ్గం మీద సంజీవప్ప అనే నేతగాడు. నేల మీద రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నది అతని భార్య పద్మ. ఆమె కూర్చున్న చోటినుంచి చీరకు ఇటూ అటూ రెండూ కనబడతాయి. మధ్యాహ్నం జనం పలచబడ్డాక పద్మ చీర వెనక్కి వచ్చి కూర్చుని, డబ్బాలోంచి కొర్రన్నం తీసి సగం పెట్టింది.

"అక్కా, పక్షిని చేస్తాండేది నువ్వే గదా?"

వామాక్షి ఉలిక్కిపడింది. "గట్టిగా అనొద్దు."

"నేను పొద్దున్నించి చూస్తాండా. ఆయప్ప సుత్తి కొడతాండాడు గాని రేకు మింద దెబ్బ పడ్డంలే." పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఇంట్లోనూ ఇంతే. రంగులు ఎంచేది నేను, దారం అతికేది నేను, తెగితే ముడేసేది నేను. మగ్గం మింద కూచునేది ఆయప్ప. చీర మడతలో చీటీ పెడతారు సూడు, దాంట్లో పేరూ ఆయప్పదే. నన్ను అడిగితే ఏం జెప్తారో తెలుసునా? 'సాయం జేస్తాది' అంటారు."

ఇద్దరూ నవ్వారు. వామాక్షికి ఆ కొర్రన్నం ఎంత రుచిగా ఉందో! తన పనిని ఒక మనిషి చూసి, నీదే కదా అన్నది. ఇరవై ఏళ్ల కిందట భర్త కళ్లలో చూసిన ఆశ్చర్యం తర్వాత ఇదే మొదటిసారి.

సాయంత్రం మళ్లీ జనం. వేణుగోపాల్ కొందరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వెల్వెట్ గుడ్డ మీద అమ్మవారి పదకం పెట్టి ఉంది. ఆ పక్కనే కండెల బుట్ట తీసుకుని పోతున్న పద్మ ఆగింది. తన నేస్తం చేసిన వస్తువు కదా అన్న ప్రేమతో పదకాన్ని చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. వెనుకవైపు చూసింది. ముఖం వెలిగిపోయింది.

"అక్కా! వెనకాల చీమ ఉండాదే! ఎంత ముద్దుగా ఉండాది!"

ఆ మాట ఎంత సంతోషంగా అన్నదంటే, అంగడి అంతా తల తిప్పింది. చీర వెనుక వామాక్షి చేతిలోని ఉలి ఆగింది. చీమ అని గుర్తుపట్టింది. మూడు చుక్కలు, ఆరు గీతలు చూసి ఒక మనిషి గుర్తుపట్టింది. కన్ను మూసి తెరిచేంత సేపు ఆమె ఈ భూమ్మీద ఉన్నట్టు ఉంది.

వేణుగోపాల్ పదకం అందుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏందప్పా ఆచారీ ఇది? రాజుల చిహ్నం వెనకాల చీమ ఏంది? ఎవరన్నా చూస్తే లోపం అనుకోరా?"

గంగాధర వంగి చూశాడు. చూడగానే అతనికి అర్థమైంది. వామాక్షికి అది ఎలా తెలిసిందంటే, చీర మీద పడ్డ అతని నీడ ఒక్కసారి ఆమె వైపు తిరిగి ఆగింది. అతను ఒక్క మాట అనవచ్చు. "అది చేసినామె గుర్తు సార్" అనవచ్చు. నాలుగు మాటలు. ఆమె ఆ నాలుగు మాటల కోసం చెవి ఒగ్గి వింది.

"చీమా లేదు గీమా లేదు సార్," అని నవ్వాడు గంగాధర. "ఇంట్లో ఆడోళ్లు తోమేటప్పుడు పీచు గీరుకుని ఉంటాది. వాళ్లకు ఏం తెలుస్తాది! ఒగ నిమిషం." పదకాన్నీ ఆకురాయినీ చీర కిందుగా వెనక్కి తోశాడు. "ఇదో, వెనకాల రుద్దెయ్. నున్నగా రావల్ల."

పదకం ఆమె ఒళ్లోకి వచ్చింది. ఇంకా పద్మ చేతి వేడి దానికి ఉంది. అవతల ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వారు. రుద్దనని అనవచ్చు. చీర పక్కకు లాగి లేచి నిలబడవచ్చు. ఇవన్నీ ఆమెకు తోచాయి. కానీ ఇరవై ఏళ్లుగా అతని గొంతు "ఇదో" అంటే కదిలే చెయ్యి, ఆమె కంటే ముందే ఆకురాయి అందుకుంది. మొదట కాళ్లు పోయాయి. తర్వాత తల. ఎంతో లోతుగా చెక్కానని అనుకుంది. నాలుగు రాపిళ్లకు మించి పట్టలేదు. వెండిపొడి చీర కుచ్చెళ్ల మీద రాలింది. పొడి పారేయరాదని వృత్తి ధర్మం. తడివేలితో అద్ది అద్ది తీసి గిన్నెలో దులిపింది. ఆ గిన్నెలో అప్పటికే పక్షుల పొడి, ఏనుగుల పొడి ఉన్నాయి. ఏది ఏదో ఇక బ్రహ్మకు కూడా తెలియదు.

పదకం ముందుకు పోయింది. గంగాధర మొలతాడు సవరించుకుని ముద్ర తీశాడు. టక్కుమని ఒక దెబ్బ. అమ్మవారి సొమ్ము వీపున త్రిశూలం దిగింది. జనం చప్పట్లు కొట్టారు. పద్మ తన రాట్నం దగ్గరికి పోయి, తల వంచుకుని, తిప్పుతూనే ఉంది. తన మాట ఏం చేసిందో పద్మకు అర్థమైందని వామాక్షికి తెలిసింది. తెలిసి ఏం లాభం?

తిరుగు ప్రయాణంలో బస్సు పెనుకొండ మీదుగా పోయింది. కొండ, కొండ మీది కోటగోడ కిటికీలోంచి వెనక్కి జరిగిపోతున్నాయి. గంగాధర సంతోషంగా ఉన్నాడు. నలభై పదకాలకు మాట ఇచ్చి వచ్చాడు. ఆమె ముఖం తిప్పుకుని కూర్చోవడం చూసి కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

"ఆ గీతకేనా ఇంత? నలుగురిలో ఏం జెప్పమంటావు చెప్పు. మొగోని పరువు నీకు తెలియదా?" తర్వాత మెత్తబడి, "నీకు మంచి మిక్సీ కొనిస్తాలే. రోటి పని తప్పుతాది, చెక్కేదానికి టైం ఉంటాది," అన్నాడు.

వామాక్షి కొండ కనుమరుగయ్యేదాకా చూసింది. నాయన ఉంటే ఏమనేవాడో అని ఆలోచించింది. పేరు రాజుది తల్లీ అనేవాడు, అంతే. ఆయన మాత్రం అమ్మ పేరు ఏనాడు చెప్పాడు? కుంపటి ఊదీ ఊదీ దగ్గుతో పోయిన అమ్మ పేరు ఏ నగ వెనుక ఉంది? ఆ ఆలోచన రాకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆసరాగా పట్టుకున్న చివరి కొమ్మ కూడా చేతిలో విరిగినట్టయింది.

మరునాడు పొద్దున గంగాధర తానే కుంపటి రాజేశాడు. తానే లక్క కరిగించాడు. కొత్త రేకు అతికించి, పీట తుడిచి, "వామాక్షీ, రా. లక్క పదునుకొచ్చింది," అని పిలిచాడు.

ఆమె వంటింట్లో గుమ్మడికాయ తరుగుతోంది. లేవలేదు.

"వామాక్షీ! చల్లారిపోతాది!"

"అమ్మీ, పిలుస్తాండాడు వినపళ్లేదా?" అన్నది అంజినమ్మ. "కూర నేను చూసుకుంటా, పో." కోడలి చేతిలోంచి కత్తిపీట పని తీసుకుంటాననడం ఆ ఇంట్లో అదే తొలిసారి.

గంగాధర గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? చెయ్యి నొప్పా?"

"చేతికేం గాలేదు."

"మరి రా."

వామాక్షి తల ఎత్తింది. ఆమె గొంతు పెరగలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నది. "ఆ చెయ్యి మీదని ధర్మవరంలో అందరూ చూసినారు గదండీ. మీ చెయ్యే పెట్టండి. నేను ఇంగ ఉలి ముట్టను."

అతను మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. తర్వాత, ఎన్నో ఏళ్లలో మొదటిసారిగా, గొంతు తగ్గించి బతిమాలాడు. అంజినమ్మ కోడలిని, కోడలి పుట్టింటిని, కాలాన్ని తిట్టింది. వామాక్షి తరగడం ముగించింది. గుమ్మడి ముక్కలు కడిగి గిన్నెలో వేసింది. ముందుగదిలో లక్క గట్టిపడి, రేకు దాని మీద బిగుసుకుపోయింది.

దీన్ని గెలుపు అనుకునేవారు ఆమెను ఎరుగరు. అతనికి పోయింది ఒక బేరం. ఇంకొకటి వస్తుంది, మెట్టెలతో, గొలుసులతో ఇల్లు నడుస్తుంది. ఆమెకు పోయినది రోజుకు మూడు గంటలు. ఆ మూడు గంటల్లోనే ఆమె ఎవరికీ భార్య కాకుండా, కోడలు కాకుండా, వెండికీ తనకూ మధ్య ఉండేది. వాటిని తన చేతులతో తానే ఆర్పేసింది. నేర్చుకోవడానికి మరొకరు లేరు. తండ్రినుంచి తనదాకా వచ్చిన ఆ పక్షి తనతోనే ఆగిపోతుందని ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలిసే చేసింది. తన గుర్తును తానే రుద్ది చెరిపేసిన చేతికి ఇంకేం మిగిలిందని?

పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. మోకాలి మీద పెట్టుకున్న కుడిచేతి వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి. ఒక ఈక, ఏడు గీతలు. మరో ఈక, ఏడు గీతలు. వామాక్షి ఎడమచేతితో ఆ వేళ్లను పట్టుకుని, అవి ఆగిపోయేదాకా నొక్కి ఉంచింది.

ఈ కథ విన్నవారికి, విని ఇంకొకరికి చెప్పినవారికి కాళికాంబ ఆయువును, అన్నాన్ని, కంటిచూపును ఇచ్చుగాక. మీ చేతులు చేసిన పని మీ పేరు చెప్పుకుని నిలుచుగాక. మీ ఇంట ఎవరి చేతి పనితో మీరు పేరు పొందుతున్నారో, ఆమె వినేలా, నలుగురి ముందు, ఆ మాట చెప్పగల ధైర్యం మీ నోటికి కలుగుగాక. ఆలస్యం కాకముందే కలుగుగాక.